వీడియోఫోన్‌లో బొమ్మ చెడిందా? ముందు లైను చూడండి, చిప్పు సంగతి ఆఖర్న

మామూలు ఫోన్ లైనుకు తగిలించి, పసుపు తీగతో టీవీకి కలిపి, మొహాలు చూసుకుంటూ మాట్లాడుకునే పాత వీడియోఫోన్ పెట్టెల గురించి ఇది. 1990ల చివర్లో వచ్చిన సరుకు. ఎయిట్ బై ఎయిట్ కంపెనీ 1997లో తెచ్చిన వయాటీవీ ఆ కాలపు పెట్టెల్లో బాగా తెలిసిన పేరు. అలాంటిదొకటి ఏ అట్టపెట్టెలోంచో బయటపడితే, ఆన్ చేసి, కాల్ కలిపి, బొమ్మ గళ్ళుగళ్ళుగా కనిపించగానే చాలామంది అనే మొదటి మాట బొమ్మని కుదించే చిప్పు పోయింది అని. నేనూ అదే అనుకుని, అక్షరాలా బాగున్న ఒక బోర్డు మీద సోల్డరింగ్ ఐరన్ పెట్టి దాన్ని నిజంగానే పాడుచేశాను, చివరికి చూస్తే తప్పు అడాప్టర్‌ది. అందుకే ఈ వరుస. బయట నుంచి లోపలికి రండి, లోపల నుంచి బయటికి వెళ్ళకండి.

ఏ సమస్యకైనా ముందు ఒక లెక్క తలలో పెట్టుకోవాలి. ఈ పెట్టెలు హెచ్.324 అనే ప్రమాణం మీద నడుస్తాయి. లోపల ఒక వి.34 మోడెమ్ (ఫోన్ లైను మీద అంకెల్ని శబ్దాలుగా మార్చి పంపేది) ఉంటుంది, దాని పైహద్దు సెకనుకు 33.6 కిలోబిట్లు, లైను ఎంత మంచిదైనా అంతే. అందులో మాటకి జి.723.1 పద్ధతిలో 5.3 లేదా 6.3 కిలోబిట్లు పోతాయి, కంట్రోల్ మెసేజ్‌లకీ ప్యాకింగుకీ ఇంకొంచెం, మిగిలింది బొమ్మకి. చాలా లైన్ల మీద బొమ్మకు దక్కేది 20 కిలోబిట్ల చుట్టుపక్కలే. ఇక బొమ్మ సంగతి చూడండి. 176 అడ్డం, 144 నిలువు చుక్కలున్న చిన్న ఫ్రేమ్‌ని కుదించకుండా పంపాలంటే 3,04,128 బిట్లు కావాలి, సెకనుకి పది ఫ్రేములనుకుంటే 30 లక్షల బిట్లు దాటిపోతుంది. దాన్ని నూట యాభై రెట్లు నొక్కి ఇరవై వేలలో ఇరికించడం ఆ చిప్పు పని. ఇంత నొక్కాక మరకలు పడకుండా ఎలా ఉంటాయి? కాబట్టి కనిపించే ప్రతి గడీ జబ్బు కాదు. ఏది జబ్బో ఏది లెక్క ప్రకారం రావాల్సిందో తెలుసుకుంటే సగం పని అయినట్టే.

అన్నిటికంటే ముందు చేసే పరీక్ష

కాల్ లేకుండా సెట్టు ఆన్ చేసి టీవీలో మీ బొమ్మ మీరే చూసుకోండి. అది శుభ్రంగా ఉంటే కెమెరా, పవర్, టీవీకి వెళ్ళే దారి, మెమరీలో చాలా భాగం బాగున్నట్టే. అదే చెడి ఉంటే ఫోన్ లైనుతో సంబంధం లేదు, కింద టీవీ, పవర్, చిప్పు భాగాలకు వెళ్ళిపోండి. ఇందులో ఒక మెలిక ఉంది: చాలా సెట్లు మీ బొమ్మని మీకు చూపించేటప్పుడు దాన్ని కుదించకముందే చూపిస్తాయి. అంటే ఇక్కడ అద్దంలా కనిపించిందని అవతలివాళ్ళకీ అలాగే వెళ్తోందని కాదు. మీరెలా కనిపిస్తున్నారో అవతలివాళ్ళని అడగాల్సిందే, వేరే దారి లేదు.

రెండు సెట్లూ మీ దగ్గరే ఉంటే ఇంకో మంచి పరీక్ష ఉంది. రెంటినీ ఒక తీగతో నేరుగా కలిపితే ఏమీ జరగదు, ఎందుకంటే ఫోన్ లైనంటే ఉత్త తీగ కాదు, దాని మీద ఎక్స్ఛేంజ్ ఇచ్చే 48 వోల్టులు, డయల్ టోన్, రింగు ఉండాలి. రెండు ఎక్స్‌టెన్షన్లున్న చిన్న పీబీఎక్స్ పెట్టె (ఇంట్లోనే బుల్లి ఎక్స్ఛేంజ్‌లా పనిచేసేది) ఒకటి సంపాదించి, చెరో ఎక్స్‌టెన్షన్‌కి ఒక సెట్టు తగిలించి కాల్ చేయండి. అక్కడ బొమ్మ బాగా వస్తే రెండు సెట్లూ ఆరోగ్యంగా ఉన్నాయి, తప్పంతా బయటి లైనుది. ఈ ఒక్క పరీక్షతో నాకు మిగిలిన రోజులు లెక్కపెట్టలేను.

సమస్య: మాట బాగుంది, వీడియో నొక్కగానే కీచుమని శబ్దం వచ్చి మళ్ళీ మాటకే వస్తోంది, లేదా కాల్ తెగిపోతోంది

అందరికీ ఎక్కువగా వచ్చేది ఇదే. దీనికి కారణాలు కూడా ఎక్కువే, అందుకని కొంచెం ఓపిగ్గా చదవండి.

వీడియో మీట నొక్కినప్పుడు జరిగేది ఏమిటంటే, మీ మాట ఆగిపోయి రెండు మోడెమ్‌లు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. ఆ కీచుశబ్దం అదే. ఒక వైపు నుంచి 2100 హెర్ట్జ్ టోన్ వస్తుంది, అది సాదా టోన్ కాదు, ప్రతి 450 మిల్లీసెకన్లకి ఒకసారి దాని అల తలకిందులవుతుంది. దారిలో ఎక్కడైనా ఎకో క్యాన్సిలర్లు (మాట ప్రతిధ్వనిని తుడిచేసేవి) ఉంటే అవి ఈ టోన్ విని పక్కకి తప్పుకోవాలి. తర్వాత మోడెమ్‌లు లైను ఎంత మోయగలదో కొలుస్తాయి, స్పీడు ఒప్పుకుంటాయి, ఆ పైన హెచ్.245 అనే భాషలో నాకిది వచ్చు నీకేం వచ్చు అని మాట్లాడుకుంటాయి. ఇన్ని మెట్లలో ఏది తప్పినా మీకు కనిపించేది ఒకటే, బొమ్మ రాలేదు.

మొదట ఇంట్లో ఇంకో ఫోన్ ఎవరైనా ఎత్తారేమో చూడండి. నవ్వకండి, సగం కేసులు ఇవే. ఒకే లైను మీదున్న రెండో ఫోన్ ఎత్తగానే సిగ్నల్ సగానికి పడిపోతుంది, పైగా గదిలో శబ్దాలన్నీ మోడెమ్ చెవిలో పడతాయి. ఆన్సరింగ్ మెషీన్, ఫ్యాక్స్ కూడా ఇదే లెక్కలోకి వస్తాయి. అన్నీ పీకేసి వీడియోఫోన్ ఒక్కటే గోడ సాకెట్‌కి నేరుగా పెట్టి చూడండి. మీటర్ ఉంటే, అన్నీ పెట్టేసి ఉన్నప్పుడు లైను మీద 48 వోల్టులకి దగ్గరగా ఉండాలి, బాగా తక్కువ చూపిస్తే ఎక్కడో ఏదో లీకవుతోంది. కొలిచేటప్పుడు తీగల్ని వేళ్ళతో పట్టుకోకండి, అదే సమయానికి రింగొస్తే 90 వోల్టుల దెబ్బ తగులుతుంది.

రెండోది డీఎస్ఎల్. అదే తీగ మీద ఇంటర్నెట్ కూడా వస్తుంటే వీడియోఫోన్‌కీ సాకెట్‌కీ మధ్య ఫిల్టర్ తప్పనిసరి. చాలామంది దాన్ని ఇంటర్నెట్ మోడెమ్‌కి పెడతారు, అది తిరకాసు. ఫోన్‌కి, వీడియోఫోన్‌కి పెట్టాలి. అలాగని ఒకదాని వెనక ఒకటి మూడు ఫిల్టర్లు గుచ్చకండి, ఒక్కొక్కటీ పై ఫ్రీక్వెన్సీలని కొంచెం కొంచెం తినేస్తుంది, మోడెమ్ స్పీడుకి కావాల్సినవి అవే.

మూడోది, ఈ రోజుల్లో అసలైన విలన్: మీ లైను నిజంగా రాగి లైనేనా? ఫైబర్ పెట్టె వెనకున్న ఫోన్ పోర్టు, ఇంటర్నెట్ ఫోన్ అడాప్టర్, ఇవి చూడటానికి ఫోన్ సాకెట్‌లానే ఉంటాయి కానీ లోపల మాటని ప్యాకెట్లుగా కోసి పంపుతాయి. మనిషి గొంతుకి 20 మిల్లీసెకన్ల ముక్క ఒకటి పోయినా తెలీదు. మోడెమ్‌కి మాత్రం అంతా పోయినట్టే, మళ్ళీ మొదటి నుంచి పలకరింపులు మొదలుపెడుతుంది. అడాప్టర్ సెట్టింగుల్లోకి వెళ్ళగలిగితే ఇవి మార్చండి: కోడెక్ (మాటని అంకెలుగా మార్చే పద్ధతి) జి.711 మాత్రమే ఉంచండి, జి.729 పూర్తిగా తీసేయండి, ఎందుకంటే జి.729 మనిషి గొంతు తీరుని మాత్రమే మోస్తుంది, మోడెమ్ శబ్దాన్ని గుర్తుపట్టలేనంతగా మార్చేస్తుంది. సైలెన్స్ సప్రెషన్ (మాట లేనప్పుడు ఏమీ పంపకపోవడం) ఆపేయండి. ఎకో క్యాన్సిలేషన్ ఆపేయండి. జిట్టర్ బఫర్ (ముందూ వెనకగా వచ్చే ప్యాకెట్లని కాసేపు ఆపి సర్దేది) తనంతట తాను మారేలా కాకుండా ఒకే విలువ మీద కొంచెం పెద్దగా పెట్టండి. టి.38 అనే ఆప్షన్ కనిపిస్తే ఆశపడకండి, అది ఫ్యాక్స్‌కి మాత్రమే. ఇవన్నీ చేసినా వస్తుందన్న గ్యారంటీ లేదు. ఒక్కోసారి పది నిమిషాలు నిలబడి, పదకొండో నిమిషంలో పడిపోతుంది, అది రెండు వైపులా గడియారాలు ఒకే వేగంతో నడవకపోవడం వల్ల బఫర్ మెల్లగా నిండిపోయో ఖాళీ అయ్యో జరుగుతుంది, దానికి మీరు చేయగలిగింది పెద్దగా లేదు.

నాలుగోది చిన్నదే కానీ చికాకుది. కొన్ని సెట్లలో ఒకరే వీడియో మీట నొక్కాలి, ఇద్దరూ ఒకేసారి నొక్కితే రెండు మోడెమ్‌లూ నేనే పిలుస్తున్నాను అనుకుంటూ అరుచుకుంటాయి. ఎవరు నొక్కాలో ముందే మాట్లాడుకోండి.

ఇక అవతలి సెట్టు వేరే తరానిదైతే ఇవేవీ పనిచేయవు. ఏటీ అండ్ టీ 1992లో అమ్మిన వీడియోఫోన్ 2500 లాంటివి హెచ్.324 రాకముందువి, వాటి పద్ధతి వాటిదే, వాటి జోడీతో తప్ప మాట్లాడవు. హెచ్.324 ప్రమాణం వచ్చింది 1996లో. దాన్ని పాటించే ఏ రెండు కంపెనీల సెట్లైనా కలవాలి, ఎందుకంటే బొమ్మని కుదించే పద్ధతులు హెచ్.261, హెచ్.263 రెండూ అందులో తప్పనిసరి.

సమస్య: బొమ్మ వస్తోంది కానీ ఫ్రేములు లెక్కపెట్టుకోవచ్చు, అంత నెమ్మది

సెట్టులో కలిసిన స్పీడు చూపించే మెనూ ఉంటే ముందు అది చూడండి. 28.8, 31.2, 33.6 ఉంటే లైను బాగుంది, కింది సమస్యకి వెళ్ళండి. 19.2 కంటే కింద ఉంటే లైనులో గరగర ఉంది. వి.34 మోడెమ్ 2.4 కిలోబిట్ల మెట్లలో దిగుతుంది, మాటకి కావాల్సింది మాత్రం తగ్గదు, కాబట్టి దిగిన ప్రతి మెట్టూ బొమ్మ వాటాలోంచే పోతుంది.

పెట్టేసి మళ్ళీ చేయండి. మూఢనమ్మకంలా వినిపిస్తుంది కానీ దూరం కాల్ అయితే రెండోసారి వేరే దారిలో వెళ్ళొచ్చు, స్పీడు నిజంగానే మారుతుంది. రెండు మూడు సార్లకీ మారకపోతే తప్పు మీ ఇంటి తీగల్లోనో అవతలి ఇంట్లోనో ఉంది. ఇంట్లోకి లైను ప్రవేశించే చోట ఉన్న పెట్టెకే సెట్టుని తీసుకెళ్ళి తగిలించి చూడండి, అక్కడ స్పీడు పెరిగితే లోపలి వైరింగే దోషి. మనుషులు తొక్కే చోట కార్పెట్ కింద నలిగిన పొడుగు తీగ ఉంటే ముందు దాన్ని పారేయండి.

56 కే మోడెమ్ పెడితే వేగం పెరుగుతుందా అని అడిగేవాళ్ళుంటారు. పెరగదు. 56 కే రావాలంటే ఒక చివర డిజిటల్‌గా ఎక్స్ఛేంజ్‌కి కలిసి ఉండాలి. రెండు ఇళ్ళ మధ్య, రెండు చివరలా మామూలు లైనుంటే 33.6 దగ్గరే గోడ.

కాల్ మధ్యలో బొమ్మ ఉన్నట్టుండి ఆగిపోయి, కొన్ని సెకన్ల తర్వాత మళ్ళీ మొదలైతే కాల్ వెయిటింగ్ బీప్ వచ్చి ఉంటుంది. వీడియో కాల్‌కి ముందు దాన్ని ఆపేయండి, అమెరికాలో అయితే డయల్ చేసే ముందు స్టార్ 70.

సమస్య: కదిలినప్పుడల్లా మొహం గళ్ళుగళ్ళుగా అయిపోతోంది

ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే ఇది జబ్బు కాదు కానీ దీనికి వైద్యం ఉంది, అది కూడా పైసా ఖర్చు లేకుండా.

చిప్పు బొమ్మని 16×16 చుక్కల ముక్కలుగా చూస్తుంది, 176×144 ఫ్రేమ్‌లో అలాంటివి 99. ప్రతి ముక్కకీ అది వేసుకునే ప్రశ్న ఒకటే: ఇది పోయిన ఫ్రేమ్‌లో ఉన్నట్టే ఉందా? ఉంటే దాదాపు ఏమీ పంపదు. కొంచెం జరిగితే ఎటు జరిగిందో చెప్పి, తేడా మాత్రం పంపుతుంది. ఆ తేడాని 8×8 గళ్ళుగా విడగొట్టి డీసీటీ అనే లెక్క వేసి, చిన్న చిన్న వివరాలని పారేసి, మిగిలినవి పంపుతుంది. ఎయిట్ బై ఎయిట్ కంపెనీ పేరే ఈ గడి నుంచి వచ్చింది. బిట్లు చాలనప్పుడు పారేసేది పెరుగుతుంది, ఒక్కో గడిలో ఒకే రంగు మిగులుతుంది, అదే మీకు కనిపించే చెక్కల గోడ. అంటే గళ్ళు కనిపించాయంటే చిప్పు పాడవలేదు, చిప్పు మీద భారం ఎక్కువైంది. భారం పెడుతున్నది మీ గది.

గది వెలుతురు తక్కువగా ఉంటే కెమెరా తన చూపు పెంచుకుంటుంది, దాంతో బొమ్మంతా ఇసుక రేణువుల్లా గింజలు కదులుతుంటాయి. మన కంటికి అది పట్టదు. చిప్పు దృష్టిలో మాత్రం ప్రతి గింజా కదిలే వస్తువే, 99 ముక్కలూ మారాయి, 99కీ బిట్లు కావాలి. మీ మొహానికి మిగిలేది ఏం లేదు! ఎదురుగా ఒక దీపం పెట్టండి, వెనక నుంచి కాదు, మొహం మీద పడేలా. ఈ ఒక్క మార్పుకి వచ్చే తేడా చూసి ఇన్నాళ్ళూ సెట్టుని తిట్టినందుకు సిగ్గు పడతారు.

దీనికి చుట్టం లాంటిది ఇంకొకటి, చాలామందికి తట్టనిది. సెకనుకి 60 సార్లు చూసే ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి) కెమెరాని 50 హెర్ట్జ్ కరెంటుతో వెలిగే ట్యూబ్‌లైటు కింద పెడితే ఒక్కో ఫ్రేమ్‌కి వెలుగు ఒక్కోలా పడుతుంది. మీరు శిలలా కూర్చున్నా చిప్పుకి బొమ్మంతా మారుతూనే ఉంటుంది. కెమెరాలో ఫ్లికర్ సెట్టింగు ఉంటే 50కి మార్చండి, లేదంటే కిటికీ వెలుతురులోనో మామూలు బల్బు కిందనో కూర్చోండి, దానికి ఈ మిణుకు చాలా తక్కువ.

తర్వాత వెనక ఏముందో చూడండి. తిరిగే ఫ్యాను, ఊగే కర్టెన్, నడుస్తున్న టీవీ, ఇవన్నీ మీ వాటా బిట్లు తినేవే. వెనక ఖాళీ గోడ ఉంటే అంతకు మించింది లేదు. సన్నచారల చొక్కా వద్దు. కెమెరాని చేత్తో పట్టుకోకండి, టీవీ మీద వణికేలా కూడా పెట్టకండి, కెమెరా ఒక్క చుక్క కదిలినా ఫ్రేమంతా కదిలినట్టే కదా.

ఇవన్నీ చేశాక మెనూలో స్పష్టతా వేగమా అనే సెట్టింగు ముట్టుకోండి. స్పష్టత వైపు జరిపితే ఫ్రేములు తగ్గి ఒక్కోటి బాగుంటుంది, వేగం వైపు జరిపితే ఫ్రేములు పెరిగి గళ్ళు పెరుగుతాయి. మధ్యలో ఏ మాయా లేదు, అదే ఇరవై కిలోబిట్లని అటో ఇటో పంచడమే. నా మట్టుకు, మాట్లాడుకోవడానికి వేగం, ఏదైనా వస్తువో కాగితమో చూపించడానికి స్పష్టత. సెట్టు 128×96 సైజు ఇస్తే, బాగోలేని లైను మీద మొహమాటం లేకుండా దానికి దిగిపోండి.

సమస్య: మొహం పక్కన మురికి మచ్చ పడి అక్కడే ఉండిపోతోంది, లేదా తల కదిలినా పాత తల నీడ మిగిలిపోతోంది

పైదానికీ దీనికీ తేడా గమనించండి. గళ్ళు కదలిక ఆగగానే సర్దుకుంటాయి. ఈ మచ్చ కదలిక ఆగినా పోదు. ఇది లైనులో దెబ్బతిన్న బిట్ల పని. చిప్పు ఎప్పుడూ పోయిన ఫ్రేమ్ మీదే కొత్తది కడుతుంది కాబట్టి, ఒక ఫ్రేమ్‌లో పడిన తప్పు తర్వాతి వాటిలోకి వారసత్వంగా వస్తూనే ఉంటుంది, ఆ ముక్కని ఎవరో మొదటి నుంచి మళ్ళీ పంపేదాకా.

వెంటనే పోవాలంటే వీడియోని ఒకసారి ఆపి మళ్ళీ పెట్టండి, లేదా బొమ్మ సైజు మార్చండి. చాలా సెట్లలో దీంతో అవతలి చిప్పు మొత్తం ఫ్రేమ్‌ని కొత్తగా పంపుతుంది. మచ్చలు నిమిషానికొకటి పడుతుంటే మోడెమ్ లైను మోయగలిగినదానికంటే ఎక్కువ స్పీడుకి ఒప్పుకుందన్నమాట. స్పీడుకి హద్దు పెట్టే సెట్టింగు ఉంటే ఒక మెట్టు కిందకి దించండి. తక్కువ స్పీడులో మచ్చల్లేని బొమ్మ, ఎక్కువ స్పీడులో మచ్చల బొమ్మ కంటే ఎప్పుడూ నయం.

రెండు వేర్వేరు కంపెనీల చిప్పులున్న సెట్ల మధ్య ఇంకో రకం మురికి వస్తుంది, ఒక్కసారిగా పడదు, దుమ్ములా మెల్లగా పేరుకుంటుంది. కారణం వింతగా ఉంటుంది: డీసీటీ లెక్కని వెనక్కి తిప్పేటప్పుడు రెండు చిప్పులూ ఆఖరి అంకెని ఒకేలా సవరించవు. ఒక ఫ్రేమ్‌కి కనిపించనంత తేడా, వంద ఫ్రేములకి కనిపిస్తుంది. ప్రమాణం రాసినవాళ్ళకి ఇది ముందే తెలుసు, అందుకే ఏ ముక్కనైనా గరిష్ఠంగా 132 సార్లు తేడాగా పంపాక ఒకసారి పూర్తిగా పంపి తీరాలని రూలు పెట్టారు. సెకనుకి పది ఫ్రేముల లెక్కన, ఎప్పుడూ కదిలే ముక్కకి ఇది పదమూడు సెకన్ల సంగతి, అప్పుడప్పుడు మాత్రమే కదిలేదానికి నిమిషాలు పట్టొచ్చు. కాబట్టి మెల్లగా పేరుకుని తనంతట తానే ముక్కముక్కగా తుడుచుకుపోతుంటే టెన్షన్ పడకండి, రూలు పనిచేస్తోంది.

సమస్య: పెదాలకీ మాటకీ పొత్తు లేదు, మాట ఆలస్యం

మాట కోడెక్ ఒక్కటే 37.5 మిల్లీసెకన్లు తీసుకుంటుంది, బొమ్మకి అంతకంటే చాలా ఎక్కువ పడుతుంది, కాబట్టి మాట ముందొచ్చి పెదాలు తర్వాత కదలడం సహజం. కొన్ని సెట్లు మాటని కావాలని ఆపి బొమ్మతో కలుపుతాయి. అప్పుడు పెదాలు సరిపోతాయి కానీ ఇద్దరూ ఒకేసారి మాట్లాడేసి, ఆగి, మళ్ళీ ఒకేసారి మొదలుపెట్టే తంతు వస్తుంది. నాకైతే ఆ సెట్టింగు ఆపేయడమే ఇష్టం.

సమస్య: నా మాట నాకే వినిపిస్తోంది

తప్పు మీ గదిలో కాదు, అవతలి గదిలో. వాళ్ళ టీవీ స్పీకర్‌లోంచి వచ్చే మీ గొంతు వాళ్ళ మైక్‌లోకి దూరి తిరిగొస్తోంది. వాళ్ళని సౌండ్ తగ్గించమనండి, మైక్‌ని స్పీకర్‌కి దూరం జరపమనండి. ఇంకా ఉంటే హ్యాండ్‌సెట్ ఎత్తి మాట్లాడమనండి, అయిపోయింది.

సమస్య: టీవీలో ఏమీ రావట్లేదు, లేదా నలుపు తెలుపు, లేదా బొమ్మ పైకి దొర్లుతోంది

నలుపు తెలుపు, దొర్లడం రెండూ ఒక్క ముక్కలో చెప్పాలంటే ఎన్‌టీఎస్‌సీ, పాల్ (మన దగ్గరి టీవీ పద్ధతి) గొడవ. అమెరికా సెట్టు 525 లైన్లు, 60 హెర్ట్జ్‌తో ఇస్తుంది, మీ టీవీ 625 లైన్లు, 50 హెర్ట్జ్ మాత్రమే తెలిసిన పాతదైతే అంతే సంగతులు. కొత్త టీవీలు చాలావరకు రెండూ తీసుకుంటాయి, కలర్ సిస్టమ్‌ని ఆటోలో పెట్టి చూడండి. టీవీకే కాదు, మీరు మార్చిపెట్టిన కెమెరా కూడా సెట్టుతో ఒకే రకానిది కావాలి, ఇది మర్చిపోతారు.

అసలేమీ రాకపోతే కొత్త టీవీ వెనక పసుపు సాకెట్ కోసం వెతకండి. కొన్నిట్లో అది ఆకుపచ్చ సాకెట్‌తో కలిసి ఉంటుంది, మెనూలో దాన్ని మామూలు ఏవీకి మార్చాలి. కొన్నిట్లో చిన్న గుండ్రటి జాక్ ఉంటుంది, దాని తీగ ఏ దుకాణం తీగ పడితే అది పనిచేయదు, లోపలి వరుస వేరుగా ఉంటే బొమ్మ మాటలోకి, మాట బొమ్మలోకి వెళ్తాయి. ఎరుపు ప్లగ్గులో బొమ్మ వస్తోందేమో చూశారంటే తేలిపోతుంది.

సమస్య: ఇంటర్నెట్ వీడియోఫోన్, రింగవుతుంది కానీ ఒకవైపే బొమ్మ

ఫోన్ లైను తరం అయిపోయాక కంపెనీలు ఇదే పని ఇంటర్నెట్ మీదకి మార్చాయి. ఎయిట్ బై ఎయిట్ కూడా 2002లో ప్యాకెట్8 సర్వీసుతో అటే వెళ్ళింది. ఈ రకంలో కాల్ పిలుపు ఒక దారిలో, బొమ్మ వేరే దారిలో వెళ్తాయి. పిలుపు వెళ్ళి బొమ్మ ఒకవైపే వస్తే రూటర్ రెండో దారిని అడ్డుకుంటోంది. రూటర్‌లో సిప్ ఏఎల్‌జీ అని ఉంటే ఆపేయండి, సాయం చేద్దామని వచ్చి చిరునామాలు చెడగొట్టేది అదే. దాంతో కాకపోతే సెట్టు వాడే యూడీపీ పోర్టుల్ని (బొమ్మ ప్యాకెట్లు వచ్చే తలుపు నంబర్లు) దాని వైపు తెరవండి. బొమ్మ మీకు బాగుండి అవతలివాళ్ళకి ముక్కలవుతుంటే మీ అప్‌లోడ్ చాలట్లేదు, డౌన్‌లోడ్ స్పీడు చూసి మురిసిపోవద్దు.

సెట్టు అసలు రిజిస్టర్ కాకపోతే అది ఒకే కంపెనీ సర్వర్‌కి తాళం వేసి అమ్మినదేమో చూడండి. ఆ సర్వర్ మూతపడితే చిప్పు ఎంత బాగున్నా ఉపయోగం లేదు. మెనూలో నేరుగా ఐపీ నంబరుకి కాల్ చేసే ఆప్షన్ ఉంటే ఇంటి నెట్‌వర్క్‌లో రెండు సెట్లు మాట్లాడించవచ్చు, కొనేముందు అమ్మేవాళ్ళని అడగాల్సిన మొదటి ప్రశ్న అది.

సమస్య: తనంతట తానే ఆఫ్ అయి ఆన్ అవుతోంది, లేదా కాల్ లేకపోయినా బొమ్మలో గీతలు

మొదట అడాప్టర్. మొదట్లో చెప్పిన నా బోర్డు కథ ఇదే. మామూలు మాటకి తక్కువ కరెంటు చాలు, వీడియో మొదలవగానే చిప్పూ మోడెమూ కెమెరా అన్నీ ఒకేసారి లాగుతాయి, ముసలి అడాప్టర్ అక్కడ కూలబడుతుంది. అందుకే వీడియో నొక్కితేనే రీసెట్ అవుతుంది, మనం మాత్రం వీడియో చిప్పుని అనుమానిస్తాం. వేరే అడాప్టర్ పెట్టేముందు పాతదాని మీద రాసింది మూడుసార్లు చదవండి: వోల్టులు, లోపల ప్లస్సా బయట ప్లస్సా, ముఖ్యంగా ఏసీ ఇస్తుందా డీసీ ఇస్తుందా. ఆ కాలపు పెట్టెల్లో ఏసీ ఇచ్చే అడాప్టర్లూ ఉన్నాయి.

అడాప్టర్ బాగుంటే మూత తీసి కెపాసిటర్ల తలలు చూడండి. ఉబ్బినా, అడుగున జిగురుగా ఉన్నా మార్చండి. మార్చడం తేలిక, చవక, పాత పెట్టెల్లో లోపల పోయేది ఎక్కువగా ఇవే.

ఇక చిప్పు. ఎయిట్ బై ఎయిట్ 1987లో కాలిఫోర్నియాలో ఇంటిగ్రేటెడ్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ పేరుతో మొదలైనప్పుడు కంప్యూటర్లకి లెక్కలు చేసే కో-ప్రాసెసర్లు చేసేది, ఆ తర్వాత ఆ లెక్కల పట్టునే బొమ్మల వైపు తిప్పింది. దాని వీడియో చిప్పులో ఒక చిన్న రిస్క్ (RISC, సరళమైన ఆజ్ఞలతో నడిచే) ప్రాసెసర్ అందరినీ నడిపిస్తుంది, పక్కన ఒక ఇంజను ఒకే ఆజ్ఞతో చాలా చుక్కల మీద ఒకేసారి లెక్క చేస్తుంది, ఫ్రేములు దాచుకోవడానికి బయట మెమరీ ఉంటుంది. ఇతర కంపెనీల చిప్పులు కూడా అటూఇటూగా ఇలాగే ఉంటాయి, అందుకే లక్షణం చూసి చోటు ఊహించవచ్చు. ఎప్పుడూ ఒకే చోట, ఒకే దూరంలో నిలువు గీతలు లేదా చుక్కలు కనిపిస్తే మెమరీ, లేదా దాని కాళ్ళ టంకం. మెనూ అక్షరాలు బాగుండి కెమెరా బొమ్మ మాత్రమే పచ్చగా లేదా ఊదాగా ఉంటే కెమెరా సిగ్నల్‌ని అంకెలుగా మార్చే పక్క చిప్పు. చల్లగా ఉన్నప్పుడు బాగుండి పావుగంటకి చెడితే, ఒక్కో చిప్పు మీదా చల్లటి స్ప్రే కొట్టి ఎప్పుడు బాగవుతుందో చూడండి. ఇక్కడ బాగుంది, మీ బొమ్మ శుభ్రంగా ఉంది, పీబీఎక్స్ మీద కూడా అవతలి మూడు సెట్లలో మీ బొమ్మే చెత్తగా వస్తోందంటే అప్పుడు, అప్పుడు మాత్రమే, కుదించే చిప్పుని నిందించండి.

మార్చగలరా అంటే, చుట్టూ సన్నటి కాళ్ళున్న చదరపు చిప్పులు అవి, హాట్ ఎయిర్, ఓపిక, అలవాటు ఉన్నవాళ్ళకే సాధ్యం. కొత్త చిప్పు దొరకదు, చచ్చిన ఇంకో సెట్టులోంచే తీయాలి. అలాంటి సెట్టు దొరికితే చిప్పు పీకేముందు దాని అడాప్టర్ మీ సెట్టుకి పెట్టి ఒకసారి చూడండి.